ఇంటర్నెట్టు కొట్టుకు ఏ తీగ మేలు? – ఒక లెక్కల పాఠము

నూలు కొనునపుడు మనము బేలుపైనున్న చీటీని మాత్రమే చూచి డబ్బు చెల్లింపము. చిలప విప్పి చూతుము. నంబరు సరిపోయినదా లేదా అని తూచి చూతుము. ఒక పోగును లాగి బలము చూతుము. పట్టునకైనను ఇదే పద్ధతి. ఇంత జాగ్రత్తగల మన నేత కుటుంబములే ఇంటర్నెట్టు కనెక్షను కొనునపుడు మాత్రము కరపత్రములోని పెద్ద అంకెను చూచి సంతకము చేయుచున్నవి.

గత నెల మా బరంపురపు సంఘములో ఇట్టి ప్రసంగమే వచ్చినది. చీరల ఫోటోలు, వీడియోలు దూరపు వర్తకులకు పంపుటకు సంఘము పేర కొత్త కనెక్షను తీసికొనవలెనని సభ్యులు కోరిరి. రెండు కంపెనీల కాగితములు బల్లపై పెట్టి, "ఏ కాగితములో అంకె పెద్దదో అదే తీసికొందము, కార్యదర్శిగారూ" అనిరి. నేను వెంటనే ఒప్పుకొనలేదు. ఇరువది యేండ్లకు పూర్వము అట్టి పెద్ద అంకెను నమ్మి పెట్టిన సంతకములలో ఒకటి నాదే. ఆ సంగతియు, దాని వెనుకనున్న లెక్కయు ఆనాడు సభ్యులకు నల్లబల్లమీద వ్రాసి చూపితిని. తక్కిన ఊళ్ళలోని మన వారికి కూడ ఉపయోగపడునని వారు కోరగా ఇక్కడ పాఠముగా వ్రాయుచున్నాను. ఇందులో కూడిక, గుణకారము, భాగహారము తప్ప వేరు విద్య లేదు.

కొట్టు సంగతి

2003లో మా బావ, అనగా మా మేనమామ కుమారుడు, మా అక్కకు భర్త, నేతవీధి మొదట ఐదు కంప్యూటర్లతో ఇంటర్నెట్టు కొట్టు తెరిచెను. ఇంటనున్న రెండు మగ్గములలో ఒకటి విప్పివేసి ఆ గదినే కొట్టుగా మార్చెను. అక్క మెడలోని గొలుసు కుదువకు పోయెను. చాలని సొమ్మునకు అప్పు తెచ్చిరి. ఆ అప్పునకు హామీ సంతకము నేను చేసితిని. అప్పటికి నేను సంఘములో పద్దులు వ్రాయు గుమాస్తాను మాత్రమే.

గిరాకీకి లోటు లేదు. పరీక్షా ఫలితములు చూచుకొను విద్యార్థులు వచ్చుచుండిరి. సూరత్తులోను, గల్ఫు దేశములలోను ఉన్న కుమారులకు ఉత్తరము పంపు తల్లిదండ్రులు వచ్చుచుండిరి. 2002 ఆగస్టు నుండి రైలు టిక్కెట్లు కూడ ఇంటర్నెట్టుపై కొనుటకు వీలు కలిగినందున ఆ పనికిని కొందరు వచ్చుచుండిరి. గంటకు 20 రూపాయలు తీసికొనెడివారు. సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది వరకు ఐదు కుర్చీలును నిండియుండెడివి. ఇక తేలవలసినది ఒక్కటే. ఆ ఐదు కంప్యూటర్లకు ఏ తీగ తెచ్చి తగిలింపవలెను?

మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారి ద్వారా వచ్చినది. 1998లో ప్రైవేటు కంపెనీలకు కూడ అనుమతి దొరికినది. కావున 2003 నాటికి బజారులో పలు మార్గములు కనబడుచుండెను. ఏది మంచిదో చెప్పువారు మాత్రము అరుదు. అమ్మవచ్చినవాడు తన సరుకే మంచిదనును గదా.

మొదట కొలత తెలియవలెను

గజము తెలియనివాడు గుడ్డ కొనరాదు. ఇంటర్నెట్టు వేగమునకు గజము "బిట్టు". బిట్టు అననేమో మన నేతవారికి చెప్పుట బహు సులువు. జకార్డు అట్టను తలచుకొనుడు. అట్టలో రంధ్రమున్నచోట సూది దూరును, కొక్కెము లేచును, పోగు పైకి వచ్చును. రంధ్రము లేనిచోట పోగు లేవదు. ఉన్నది, లేదు, ఈ రెండింటితోనే మామిడి పిందెయు, నెమలియు, గుడి గోపురమును నేయుచున్నాము. కంప్యూటరు కూడ ఇట్లే ఉన్నది, లేదు అను రెండు గుర్తులతోనే అక్షరములను, బొమ్మలను, పాటలను నడుపును. అట్టి ఒక్క గుర్తు ఒక బిట్టు. వేయి బిట్లు ఒక కిలోబిట్టు. వేయి కిలోబిట్లు ఒక మెగాబిట్టు.

ఎనిమిది బిట్లు కలిసినచో ఒక "బైటు". ఇక్కడనే మొదటి మోసము కాకపోయినను మొదటి పొరపాటు జరుగును. కంపెనీవారు వేగమును బిట్లలో చెప్పుదురు. మన ఫోటో, వీడియో బరువు బైట్లలో ఉండును. 256 కిలోబిట్లు అన్నచో సెకండుకు 256 కిలోబైట్లు వచ్చునని మనము మురియుదుము. 256ను 8చే భాగింపగా వచ్చునది 32 మాత్రమే. కాబట్టి కాగితముపై అంకె కనబడగానే మొదట 8చే భాగింపవలెను.

ఇప్పుడు పోల్చుటకు ఒక పరీక్ష పెట్టుకొందము. ఆ కాలపు ఒక పుట, బొమ్మలతో కలిపి, 60 కిలోబైట్లు అనుకొందము. ఐదు కుర్చీలలోని ఐదుగురును ఒకే క్షణమున అట్టి పుటను కోరిరనుకొందము. ఒక్కొక్కరికి ఎన్ని సెకండ్లకు పుట చేరును? ఇది కఠినమైన పరీక్ష. ఒకరు చదువుచుండగా మరొకరు లాగుట సాధారణము కనుక నిత్యము ఇంత కష్టముండదు. అయినను పడుగు బలమును లాగి చూచుట తెగునా తెగదా అని తెలిసికొనుటకే గదా.

ఆనాటి ఆరు మార్గములు

1. మామూలు టెలిఫోను. మోడెము అను పెట్టె టెలిఫోనులో నంబరు తిప్పి కలుపుకొనును. దీనినే డయలప్పు అనిరి. 1998లో వచ్చిన పద్ధతిలో గరిష్ఠ వేగము 56 కిలోబిట్లు. మననుండి పైకి పంపుటకు 33.6 మాత్రమే. మన ఊరి పాత తీగలమీద 40 వచ్చినచో మంచిదే. 40ని 8చే భాగింపగా సెకండుకు 5 కిలోబైట్లు. ఐదుగురు పంచుకొన్నచో తలకు 1. పుట చేరుటకు 60 సెకండ్లు, అనగా నిండు నిమిషము. పైగా కలుపుకొన్నంతసేపు టెలిఫోను పిలుపు ఖర్చు పెరుగుచుండును, ఆ ఫోనునకు వేరెవరును పిలువలేరు. దీని గుణమేమనగా టెలిఫోను ఉన్న ప్రతిచోట దొరకును, వాడినంతకే ఖర్చు.

2. ఐ.ఎస్.డి.ఎన్. ఇదియు టెలిఫోను తీగమీదనే వచ్చును గాని మాటను కూడ బిట్లుగా మార్చి పంపును. ఇందులో 64 కిలోబిట్ల దారులు రెండు. రెండును కలిపినచో 128, అనగా 16 కిలోబైట్లు. ఐదుగురికి పంచగా తలకు 3.2. పుట సుమారు 19 సెకండ్లకు చేరును. కలుపుకొనుట క్షణములో జరుగును, వేగము నిలుకడగా ఉండును. అయితే రెండు దారులు వాడినచో రెండు పిలుపుల ఖర్చు. లెక్క కొరకు ఒక పిలుపు గంటకు 20 రూపాయలనుకొన్నచో రెండింటికి 40. మధ్యాహ్నము కొట్టులో ఇద్దరే ఉన్నచో వారిచ్చు 40 రూపాయలును టెలిఫోను బిల్లుకే సరి. ఇల్లు గడుచుటెట్లు?

3. లీజు లైను. మన కొట్టు మొదలు కంపెనీ గది వరకు మనకొరకే విడిగా ఉంచిన తీగ. 64 కిలోబిట్లు అన్నచో రేయింబవళ్ళు 64 ఉండును. వచ్చుటకు ఎంతో, పంపుటకు అంతే. పిలుపు ఖర్చు లేదు, ఏటి అద్దె మాత్రమే. ఆ అద్దె బ్యాంకులకు, పెద్ద ఆఫీసులకు తగినది గాని ఐదు కుర్చీల కొట్టుకు తగినది కాదు.

4. ఉపగ్రహపు గిన్నె. తీగ రాని ఊళ్ళకు ఇది ఉపయోగించెను. ఉపగ్రహము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండును. వెలుగు సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. మన కోరిక పైకిపోయి క్రిందికి దిగుటకు 72,000 కిలోమీటర్లు, జవాబు వచ్చుటకు మరల అంతే. అనగా ఎంత డబ్బిచ్చినను ప్రతి ప్రశ్నకు దాదాపు అర సెకండు ఆలస్యము తప్పదు. ఉత్తరములకు ఫరవాలేదు, మాటలాడుకొనుటకు ఇబ్బంది. వేగము వేరు, ఆలస్యము వేరు అని దీనివలన తెలియవలెను.

5. కేబులు నెట్టు. టెలివిజను కేబులు వేయువారే మేడలమీదుగా తీగ లాగి ఇచ్చెడివారు. టెలిఫోను అక్కరలేదు, పిలుపు ఖర్చు లేదు, నెలకింత అని చవుకగా చెప్పుదురు. అంకె కూడ పెద్దది. దీని గుణదోషములు ముందు చెప్పెదను.

6. డి.ఎస్.ఎల్. ఇదియు మన పాత టెలిఫోను రాగి తీగమీదనే నడచును. మనుష్యుని మాటకు టెలిఫోనులో సెకండుకు 4,000 కంపనములలోపు చోటు చాలును. దానికి పైనున్న చోటు ఊరక పడియుండెను. ఆ పైచోటులో సమాచారమును పంపుటయే దీని యుక్తి. ఒకే పడుగుమీద నేల ఒక పేకతోను బుటా మరొక పేకతోను పోవునట్లు, ఒకే తీగమీద మాట అడుగున, ఇంటర్నెట్టు పైన పోవును. రెండింటిని విడదీయుటకు స్ప్లిట్టరు అను చిన్న డబ్బా తగిలింతురు. ఫోను మాటలాడుచున్నను ఇంటర్నెట్టు ఆగదు. 256 కిలోబిట్లు అన్నచో 32 కిలోబైట్లు. ఐదుగురికి తలకు 6.4. పుట తొమ్మిది పది సెకండ్లకు చేరును. దీనికి దూరమే శత్రువు. టెలిఫోను ఎక్స్చేంజి నుండి తీగ పొడవు పెరిగినకొలది వేగము తగ్గును. సుమారు 5 కిలోమీటర్లు దాటినచో నిలుచుట కష్టము. కాకి ఎగిరిన దూరము కాదు, తీగ తిరిగిన దూరము లెక్క.

"వరకు" అను చిన్నమాట

2003లో మా వీధికి డి.ఎస్.ఎల్. రాలేదు. లీజు లైను అందదు. టెలిఫోను బిల్లన్నచో భయము. అట్టి సమయమున కేబులు నెట్టువారి కరపత్రము వచ్చినది. "512 కిలోబిట్లు వరకు" అని పెద్ద అక్షరములతో వేసిరి. సంవత్సరము సొమ్ము ఒకేసారి కట్టినచో రెండు నెలలు ఉచితమనిరి. 40 ఎక్కడ, 512 ఎక్కడ? బావ మురిసిపోయెను. నేను కూడ మురిసితిని. సంవత్సరపు సొమ్ము చెల్లించితిమి.

ఉదయమున గుర్రమువలె పరుగెత్తెను. సాయంకాలము ఆరు కాగానే నత్తవలె ప్రాకెను. కారణమేమో మాకు నెల దినములు బోధపడలేదు. కనుక్కొనగా తెలిసినదేమనగా, ఆ 512 మాది కాదు. మా వీధియు ప్రక్కవీధియు కలిపి ఇరువది కనెక్షనులకు అదే ఒక్క 512. అందరును సాయంకాలమే తెరుతురు. 512ను 20చే భాగింపుడు. వచ్చునది 25.6 కిలోబిట్లు. మేము వద్దనుకొన్న పాత డయలప్పు ఇచ్చు 40 కంటె ఇది తక్కువ! ఆ 25.6ను 8చే భాగింపగా 3.2 కిలోబైట్లు, ఐదు కుర్చీలకు పంచగా తలకు 0.64. 60 కిలోబైట్ల పుట చేరుటకు 94 సెకండ్లు. గంటకు 20 రూపాయలిచ్చినవాడు నిమిషమున్నరసేపు తెల్లతెరను చూచుచు కూర్చుండునా?

పంచుకొనుటయే తప్పని నేననను. పంచుకొనుట లేనిచో చవుక లేదు. మన వీధిలో పడుగు పరచు చోటు ఒక్కటే ఉండును. ఇరువది ఇండ్లవారును దానినే వాడుకొందురు. ప్రతి ఇల్లును పదిదినములకొకసారి పరచును గనుక ఎవరికిని అడ్డు లేదు. పండుగ ముందు అందరును ఒకే ఉదయమున పడుగులు తెచ్చినచో తగవులే. ఇంటర్నెట్టు తీగయు అంతే. ఎంతమందికి పంచుచున్నారు, ఆ మంది ఏ వేళ వాడుదురు అను రెండును తెలియక అంకెను నమ్మరాదు. ఆ అంకె ప్రక్కన "వరకు" అను మాట ఉన్నచో అది వారు ఇచ్చెదమన్న వేగము కాదు, దానికి మించి ఇవ్వమన్న హద్దు మాత్రమే.

చవుక తీగకు అసలు వెల

రెండవ నష్టము ఇంతకంటె పెద్దది. మేడలమీది తీగ గాలికి తెగెడిది. వానాకాలమున పిడుగుపాటుకు పెట్టెలు కాలెడివి. మనిషి రెండు మూడు దినములకు గాని రాడు. వారమునకు రెండు సాయంకాలములైనను పాడయ్యెడివి. లెక్క వేయుడు. ఐదు కుర్చీలు, మూడు గంటలు, గంటకు 20 చొప్పున సాయంకాలపు రాబడి 300 రూపాయలు. నెలకు ఎనిమిది సాయంకాలములు పోయినచో 2,400. మరియొక మార్గముకంటె ఈ తీగ నెలకు 1,500 రూపాయలు చవుక అనుకొన్నను, చవుకవలన మిగిలినది 1,500, పోయినది 2,400. నికరముగా 900 నష్టము. విసిగి ప్రక్కకొట్టుకు పోయి మరల రాని గిరాకీ ఈ లెక్కలో చేరలేదు.

సొమ్ము వెనుకకిమ్మని అడుగబోతిమి. రసీదు వెనుక చిన్న అక్షరములలో, కట్టిన సొమ్ము తిరిగి ఇయ్యబడదని ఉన్నది. మేము వెనుక వైపు చూడనేలేదు. వారి తప్పు వారికున్నది, కాని చదువక సంతకము చేసిన తప్పు మాది. ఆరు నెలలలో గిరాకీ సగమునకు పడిపోయెను. బావ పగలు కొట్టులో కూర్చుండి రాత్రి మిగిలిన మగ్గముమీద నేసెను. అప్పు వాయిదాలు మూడు తప్పిపోగా హామీదారుగా నా జీతమునుండి నేను కట్టితిని. గొలుసు వేలమునకు వచ్చినదని చీటీ వచ్చిన దినమున మా అక్క నన్నొక మాట అనలేదు. అనియున్నచో బాగుండెడిది.

కుదుటపడిన విధము

మొదట చేసిన పని ఏమనగా, రెండు టెలిఫోను లైనులపై రెండు డయలప్పులు పెట్టి సాయంకాలము మాత్రము వాటిని నడుపుట. ఖర్చైనను కుర్చీలు ఖాళీ కాలేదు. ఉదయము కేబులు, సాయంకాలము టెలిఫోను. గొలుసు వేలము తప్పుటకు వడ్డీ కట్టి గడువు తెచ్చుకొంటిమి.

ఇంతలో రోజులు మారెను. 2004 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు విధానమును ప్రకటించి, 256 కిలోబిట్లకు తక్కువ కాక ఎల్లప్పుడు తెరిచియుండు కనెక్షనునకే ఆ పేరు తగునని నిర్ణయించెను. ఈ హద్దును 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచిరి. 2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ వారు డేటావన్ అను పేరుతో డి.ఎస్.ఎల్. కనెక్షనులు మొదలుపెట్టిరి. మా వీధికి అది 2006లో అందినది.

ఈసారి బావ కరపత్రము పుచ్చుకొని నా యొద్దకు వచ్చెను. "బామ్మరదీ, నీవు లెక్క వేసి చెప్పువరకు సంతకము పెట్టను" అనెను. కూర్చుండి వేసితిమి. అంకె 256 మాత్రమే, కేబులువారి 512లో సగము. అయినను ఎక్స్చేంజి నుండి మా కొట్టుకు తీగ ఇరుగుపొరుగుతో పంచుకొనునది కాదు. పంపకము ఎక్స్చేంజికి ఆవలనే. కావున సాయంకాలము కూడ చాలవరకు నిలుచును. ఇది మేలు.

కాని మరొక గుంట కనబడినది. చవుక పథకములలో నెలకు ఇంత సమాచారము మాత్రమే అను పరిమితి ఉండెను. మించినచో విడిగా చెల్లింపవలెను. నెలకు 1 గిగాబైటు, అనగా పది లక్షల కిలోబైట్లు అనుకొందము. వినుటకు ఎంతో పెద్దది. సెకండుకు 32 చొప్పున నిండుగా లాగినచో 31,250 సెకండ్లలో ఐపోవును. అది తొమ్మిది గంటల కంటె తక్కువ! నెలకు కాదు, ఒక్క దినమునకు కొట్టు తెరిచియుండు కాలము. ఇంటివారికి చాలిన పథకము కొట్టువారిని ముంచును. అందువలన అద్దె హెచ్చైనను పరిమితి లేని పథకమునే తీసికొంటిమి.

పంపు వేగము కూడ అప్పుడే చూచితిమి. డి.ఎస్.ఎల్.లో వచ్చు వేగము హెచ్చు, పంపు వేగము తక్కువ. పంపుటకు 64 కిలోబిట్లే అనుకొన్నచో సెకండుకు 8 కిలోబైట్లు. 300 కిలోబైట్ల చీర ఫోటో పోవుటకు 37 సెకండ్లు. చదువుకొను గిరాకీకి ఇది అడ్డు కాదు. చీరల బొమ్మలు పంపు వర్తకునికి అడ్డే. ఎవరి పని ఏదో తెలిసి కొనవలెను.

ఆ కనెక్షనుతో కొట్టు నిలిచినది. ఠాకురాణి యాత్రకు ఊరు చేరిన వలసవారితో కుర్చీలు చాలక బల్లలు వేసిన దినములున్నవి. 2009లో అప్పు తీరెను, గొలుసు ఇంటికి వచ్చెను.

తుపాను నేర్పిన మాట

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మాకు దగ్గరనున్న గోపాలపురము వద్ద తీరము దాటెను. మా ఊరిలో స్తంభములు, చెట్లు కూలిపోయెను. డి.ఎస్.ఎల్. చెడినపుడు వాడుటకని బావ డయలప్పును కూడ ఉంచుకొనియుండెను. అక్కరపడిన దినమున రెండును పోయినవి. ఎందుకు? రెండును ఒకే స్తంభముమీది తీగలు. రెండు పడుగులను ఒకే పుచ్చిన దూలమునకు కట్టినట్లైనది. సహాయపు కనెక్షను వేరు కంపెనీది అయిన చాలదు, వేరు దారిన వచ్చునదై యుండవలెను. తీగతో వచ్చునది ఒకటి, గాలిలో వచ్చు మొబైలు ఒకటి ఉంచుకొనుట మేలు. కరెంటు పోయినపుడు మోడెము పెట్టెకు చిన్న బ్యాటరీ ఉండుటయు అంతే ముఖ్యము.

2016 తరువాత మొబైలులో ఇంటర్నెట్టు చవుకై ఇంటింట చేరినది. కొట్టుకు వచ్చువారు తగ్గిరి. బావ కొట్టు మూసి కంప్యూటర్లు అమ్మివేసెను. ఆ గదిలో నేడు మరల మగ్గమున్నది. దానిమీద నేసిన చీరలనే సంఘము ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారా అమ్మదలచినది.

నేటి తీగకు పాత లెక్కయే

నేడు వచ్చునది గాజు దారము, దానినే ఫైబరు అందురు. వెలుగుమీద సమాచారము నడచును. రాగివలె దూరమునకు చిక్కిపోదు, పిడుగు విద్యుత్తును మోసుకొని రాదు. కిలోబిట్లు పోయి మెగాబిట్లు వచ్చినవి. ఇది గొప్ప మేలు. అయినను ప్రశ్నలు మారలేదు. ఒక గాజు దారమును 32 లేక 64 ఇండ్లకు పంచుట కలదు. "వరకు" అను మాట నేటికిని ఉన్నది. పరిమితి లేదని చెప్పిన పథకములలో కూడ కొంత వాడకము దాటినపిమ్మట వేగము తగ్గించు షరతు ఉండుట కలదు. కావున సంఘములుగాని, కుటుంబములుగాని సంతకమునకు ముందు ఈ ఏడు ప్రశ్నలు అడిగి జవాబులు కాగితముమీద వ్రాయించుకొనవలెను.

1. చెప్పిన వేగము బిట్లలోనా, బైట్లలోనా? బిట్లైనచో 8చే భాగించితిమా?
2. "వరకు" ఉన్నదా? ఉన్నచో ఏ వేగమునకు తగ్గకుండ ఇత్తురు?
3. ఎందరితో పంచుకొనవలెను? సాయంకాలము ఏడుగంటలకు ఎంత వచ్చును? ఆ కనెక్షనే ఉన్న పొరుగింట ఆ వేళకు కూర్చుండి చూచితిమా?
4. పంపు వేగమెంత?
5. నెలకు పరిమితి ఎంత? దాటినచో సొమ్మా, వేగము తగ్గింపా?
6. చెడినచో ఎన్ని గంటలలో మనిషి వచ్చును? రాని దినములకు అద్దె తగ్గింతురా?
7. ముందుగా కట్టిన సొమ్ము నడుమ వదలుకొన్నచో ఎంత తిరిగివచ్చును?

మనము స్థిరపడిన నాడులలో ఈ కాగితములు ఒడియాలోనో, కన్నడములోనో, తమిళములోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉండును. పెద్దలు చదువలేకపోవచ్చును. సిగ్గుపడక బడికి పోవు పిల్లనో పిల్లవానినో పిలిచి ముందు వైపు కాదు, వెనుక వైపు చదివించి తెలుగులో అర్థము చెప్పించుకొనవలెను. ఏడాది సొమ్ము ఒకేసారి కట్టుటకు ముందు ఒక్క నెల కట్టి చూడవలెను. రెండు నెలలు ఉచితమను ఆశకు మేము చెల్లించిన వెల పైన చెప్పితిని.

అభ్యాసము

ఒక కంపెనీ "100 మెగాబిట్లు వరకు" అన్నది. ఆ తీగను 40 కనెక్షనులకు పంచును. అందరు ఒకేసారి లాగినచో తలకు ఎంత? (జవాబు: 2.5 మెగాబిట్లు.) మరొక కంపెనీ 30 మెగాబిట్లే అన్నది, 6 కనెక్షనులకే పంచును. తలకు ఎంత? (జవాబు: 5 మెగాబిట్లు.) సంఘపు చీర వీడియో 25 మెగాబైట్లు, అనగా 200 మెగాబిట్లు. పంపు వేగమును కూడ ఇట్లే లెక్కించినచో మొదటి తీగలో ఎంతసేపు, రెండవ తీగలో ఎంతసేపు? (జవాబు: 80 సెకండ్లు, 40 సెకండ్లు.) పెద్ద అంకె ఏది, మంచి తీగ ఏది?

ఈ లెక్కను మా సభ్యులు బల్లమీద తామే వేసిరి. తరువాత ఇద్దరు యువకులను రెండు కంపెనీల ఆఫీసులకు ఏడు ప్రశ్నలతో పంపితిమి. ఒక కంపెనీ అయిదింటికి వ్రాసి ఇచ్చినది, రెండవది "అన్నియు బాగుండును" అని నోటితో చెప్పినది. వ్రాసి ఇచ్చినవారి యొద్ద ఒక నెలకు మాత్రము తీసికొంటిమి. ఈ తీర్మానమును పద్దుపుస్తకములో వ్రాసి సంతకము చేయుచున్నపుడు సభలో మా బావ కూడ ఉండెను. "వెనుక వైపు చదివితివా?" అని అడిగెను. చదివితినని చెప్పితిని.